తలనొప్పికి రాజకీయాలు లేవా?

'అన్నీ హార్మోన్లేనమ్మా' అనే వాక్యం వినని ఆడది ఎవరైనా ఉందా? కణతలు నొక్కుకుంటూ, వెలుతురు భరించలేక కళ్ళు చిట్లించుకుంటూ వెళ్ళి డాక్టరు ముందు కూర్చున్న స్త్రీకి చివరికి చేతికొచ్చేది ఈ వాక్యమే, దానితోపాటు నొప్పిమాత్రల చీటీ. పద్దెనిమిదేళ్ళ పిల్లకైతే 'పెళ్ళయితే సర్దుకుంటుంది' అంటారు. పెళ్ళయినామెకి 'ఒక కాన్పు కానీ, అదే పోతుంది' అంటారు. ఇద్దరు పిల్లలున్నామెకి 'ముట్లుడిగాక తగ్గుతుందిలే' అంటారు. అంటే ముప్ఫై అయిదేళ్ళపాటు ఓపిక పట్టమని! ఏ మగవాడి రోగానికైనా వైద్యశాస్త్రం ఇంత తాపీగా ముప్ఫై అయిదేళ్ళ గడువు ఇచ్చిందా?

ఈ వాక్యంతో నా తగవు అది అబద్ధమని కాదు. అది నిజం. ఒక నిజాన్ని పట్టుకుని మనిషిని గుమ్మం బయటకు పంపించడానికి వాడుకుంటున్నారన్నదే నా తగవు. 'మీ తలనొప్పికి హార్మోన్లు కారణం' అన్న తర్వాత ఏ హార్మోను, ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతోంది, ఏం చెయ్యాలి అన్న ప్రశ్నలు రావాలి కదా. చక్కెర జబ్బు కూడా హార్మోను వల్లే వస్తుంది. ఇన్సులిన్ హార్మోనే. చక్కెర జబ్బుతో వచ్చిన పెద్దమనిషిని 'హార్మోన్లే లెండి, మనసు ప్రశాంతంగా పెట్టుకోండి' అని ఎవరైనా ఇంటికి పంపిస్తారా? రక్తం తీస్తారు, లెక్కలు రాస్తారు, మందు మోతాదు కడతారు. అదే మాట ఈస్ట్రోజన్ దగ్గరకొచ్చేసరికి రోగనిర్ధారణ కాస్తా స్వభావ వర్ణన అయిపోతుంది.

ఇంతకీ మనం మాట్లాడుతున్నది అరుదైన జబ్బు గురించి కాదు. ఒంటికణత నొప్పి, పార్శ్వపు నొప్పి, అరతలనొప్పి అని మన ఊళ్ళల్లో రకరకాలుగా పిలిచే మైగ్రేన్ గురించి. చిన్నపిల్లల్లో ఇది ఆడామగా ఇద్దరిలోనూ దాదాపు సమానం. రజస్వల వయసు దాటాక స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచవ్యాప్తంగా జబ్బుల భారాన్ని లెక్కకట్టిన 2019 అంచనాల్లో, యువతులను మంచాన పడేసి పనికి దూరం చేసే కారణాల్లో మైగ్రేన్‌ది మొదటి స్థానం. బెంగుళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. 18 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళలో నాలుగోవంతు మందికి ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు మైగ్రేన్ వచ్చిందని అందులో తేలింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి, పట్నంకంటే పల్లెకి ఎక్కువ. తలనొప్పి చదువుకున్న నాజూకు ఆడవాళ్ళ జబ్బు అనుకునేవాళ్ళు ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగితే బాగుండును.

సాహిత్యంలో ఉన్న మనం కూడా దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. తలనొప్పిని చెప్పబోతే భాష ఎండిపోతుందని వర్జీనియా వుల్ఫ్ 1926లోనే వ్యాసం రాసి వాపోయింది. జోన్ డిడియన్ 1968లో తన మైగ్రేన్ మీద ఏ దాపరికమూ లేకుండా ఒక వ్యాసం రాసింది. మన దగ్గరో? కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టాడు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి పుట్టాయి. అంటే ఆధునిక తెలుగు పత్రికా సాహిత్యం గణనీయంగా తలనొప్పి మీద లేచిన కట్టడం! ఆ సీసాలు కొన్న తలల్లో ఆడతలలెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. మన కథల్లో నాయికకి తలనొప్పి వచ్చిందంటే అది అలకకో, పడకగదిలో నిరాకరణకో సంకేతం. ఉత్త తలనొప్పిగా తలనొప్పి రావడం మహా అరుదు.

కథకులు ఊరికే అలా రాయలేదు. వైద్యులూ అలాగే రాశారు. అమెరికాలో తలనొప్పి వైద్యానికి పెద్దదిక్కుగా చెప్పుకునే హెరాల్డ్ వుల్ఫ్ 1937లో 'మైగ్రేన్ మనిషి' ఎలా ఉంటాడో బొమ్మకట్టి చూపించాడు. ఆశ ఎక్కువ, ప్రతిదీ పొల్లుపోకుండా జరగాలనే పట్టుదల, లోపల అణుచుకున్న కోపం. ఆడరోగుల విషయానికొచ్చేసరికి ఆయన పరిశీలన దాంపత్య అసంతృప్తి దాకా వెళ్ళింది. ఈ చరిత్రంతా జోఆనా కెంప్నర్ 2014లో పుస్తకంగా రాసింది. మైగ్రేన్‌ని సీరియస్‌గా తీసుకోకపోవడానికీ అది ఆడవాళ్ళ జబ్బుగా పేరుపడడానికీ ఉన్న సంబంధాన్ని విడమర్చి చూపించింది. మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయన కేంద్రాలన్నిట్లోనూ ఉండాల్సిన పుస్తకం.

ఇక్కడే మనవాళ్ళతో నాకో పేచీ ఉంది. ఒక సదస్సులో నేను ఈస్ట్రోజన్ పేరెత్తగానే నాకంటే చిన్నదైన ఒక అధ్యాపకురాలు, 'మేడమ్, మీరు కూడా మళ్ళీ బయాలజీలోకి వెళ్ళిపోతున్నారేంటి?' అంది. ఆ భయం నాకు తెలుసు. అది ఉత్తపుణ్యానికి పుట్టలేదు. 1970లో అమెరికాలో ఎడ్గార్ బెర్మన్ అనే డాక్టరు, డెమోక్రటిక్ పార్టీలో పలుకుబడి ఉన్నవాడు, నెలసరి హార్మోన్ల ఆటుపోట్ల వల్ల స్త్రీలు దేశాన్ని నడిపే పదవులకి పనికిరారన్న అర్థంలో మాట్లాడాడు. ప్యాట్సీ మింక్ ఊరుకోలేదు, అతను ఆ కమిటీ నుంచి తప్పుకోవాల్సొచ్చింది. అలాంటి మాటలు విన్న తరం హార్మోన్ల ఊసే ఎత్తకుండా ఉండడాన్ని ఆత్మరక్షణగా నేర్చుకుంది. కానీ మనం మాట్లాడకపోతే ఈస్ట్రోజన్ రక్తంలో పెరగడం తగ్గడం మానేస్తుందా? మనం వదిలేసిన చోటల్లా మందుల కంపెనీ, కార్పొరేట్ ఆసుపత్రి, టీవీ జ్యోతిష్కుడు వచ్చి కూర్చున్నారు. శరీరం గురించి తెలుసుకోవడం తప్పని చెప్పే స్త్రీవాదం నాకక్కర్లేదు. 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన ఉద్యమం మనది. అందులోవాళ్ళు బయాలజీ పేరు చెబితే పారిపోలేదు, కూర్చుని చదివారు.

కాబట్టి చదువుదాం. ముట్టు వచ్చే ముందు ఒంట్లో ఈస్ట్రోజన్ గబగబా పడిపోతుంది. ఆస్ట్రేలియాలో సోమర్విల్ అనే వైద్యుడు 1971, 72లలో ఓ చిన్న ప్రయోగం చేశాడు. ముట్టు తలనొప్పి వచ్చే స్త్రీలకి ఆ రోజులు దగ్గరపడగానే ప్రొజెస్టిరోన్ ఇచ్చాడు. ముట్టు వాయిదా పడింది గానీ తలనొప్పి మాత్రం వేళకే వచ్చింది. మరోసారి ఈస్ట్రడయోల్ ఇచ్చాడు. ఈసారి ముట్టు వేళకి వచ్చింది, తలనొప్పి ఆలస్యంగా వచ్చింది. రెండో ప్రయోగంలో ఉన్నది ఆరుగురు మాత్రమే. అయినా ఎంత స్పష్టమైన ఫలితం! నొప్పికి మీట రక్తస్రావం దగ్గర లేదు, ఈస్ట్రోజన్ ఎత్తునుంచి జారడంలో ఉంది. అందుకే గర్భంతో ఉండి ఈస్ట్రోజన్ నిలకడగా ఎత్తులో ఉన్న నెలల్లో చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. కాన్పయిన కొద్ది రోజులకే, పసిబిడ్డ చేతిలో ఉండగా, మళ్ళీ వచ్చిపడుతుంది. ఆ తలనొప్పిని మన ఇళ్ళల్లో బాలింతకు గాలి తగిలిందంటారు.

తలకీ ముఖానికీ నొప్పి మోసే పెద్ద నరం ట్రైజెమినల్. దాని కొసల నుంచి మైగ్రేన్ వేళ సిజిఆర్‌పి అనే పదార్థం విడుదలవుతుంది. ఇది 1990 నాటికే మెడ సిరల రక్తంలో కనిపెట్టారు. దాన్ని కనిపెట్టినవారు, ఈ రంగంలోని మరి ఇద్దరు కలిసి నలుగురు 2021లో బ్రెయిన్ ప్రైజ్ అందుకున్నారు. బెర్లిన్ పరిశోధకులు 2023లో మరో ముడి విప్పారు. మైగ్రేన్ ఉన్న స్త్రీలలో ముట్టు రోజుల్లో, ఈస్ట్రోజన్ అట్టడుగున ఉన్నప్పుడు, ఈ సిజిఆర్‌పి మామూలు స్త్రీలకంటే ఎక్కువగా ఉందని. 'మనసు ప్రశాంతంగా పెట్టుకో' అన్నవాళ్ళందరికీ ఈ కాగితం పోస్టులో పంపాలనిపిస్తుంది నాకు.

హార్మోన్ అంటే ఆడతనమనే ఒక మార్మిక ద్రవం అనుకునేవాళ్ళకి ఇంకో కాగితం కూడా పంపాలి. నెదర్లాండ్స్‌లో హార్మోన్లు తీసుకుంటున్న ట్రాన్స్ స్త్రీలను అడిగి 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వాళ్ళలో నూటికి 26 మందికి మైగ్రేన్ ఉంది. తక్కిన స్త్రీలలో ఉన్న దానికి దాదాపు సమానం. పుట్టుక కాదు, ప్రకృతి శాపం కాదు, అణువు, దాని మోతాదు, దాని ఎగుడుదిగుళ్ళు. సారవాదాన్ని కూల్చడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకలేదు!

హార్మోనొక్కటే అన్నీ చెయ్యదు, నిజమే. కట్టెలు ఎండబెట్టి ఉంచేది అదైతే అగ్గిపుల్ల గీసేవి వేరే ఉన్నాయి. నిద్ర చాలకపోవడం, వేళకు తిండి లేకపోవడం, పొగ, ఎండ. తెల్లారుజామున నీళ్ళ కోసం లేచి, అందరూ తిన్నాక మిగిలింది మూడింటికి తినే మనిషికీ, కార్తీకంలో సోమవారాలన్నీ ఉపవాసాలుండే మనిషికీ ముట్టుకు ముందు ఆ రెండు రోజులు ఎలా గడుస్తాయో విడిగా చెప్పాలా? ఇంటి పనినీ ఈస్ట్రోజన్‌నీ ఒకే వాక్యంలో పెట్టి మాట్లాడగలిగినప్పుడే మన విశ్లేషణ పూర్తవుతుంది.

మరి ఇంతమంది ఆడవాళ్ళ నొప్పి గురించి ప్రయోగశాలల్లో ఎవరిని చూసి తెలుసుకున్నారు? మగ ఎలుకల్ని! 'పెయిన్' అనే ప్రసిద్ధ పత్రికలో పదేళ్ళపాటు వచ్చిన జంతు ప్రయోగాలను 2005లో లెక్కపెడితే, నూటికి 79 కేవలం మగ జంతువుల మీద చేసినవే. ఆడ ఎలుకల హార్మోన్లు మారుతుంటాయి కాబట్టి లెక్కలు చెడతాయట! అంటే ఏ మార్పు నొప్పికి కారణమో ఆ మార్పునే చిరాకని పక్కన పెట్టారు. మనుషుల విషయమూ అంతే. పిల్లలు పుట్టే వయసు స్త్రీలను కొత్త మందుల తొలిదశ పరీక్షల నుంచి మినహాయించాలని అమెరికా మందుల సంస్థ 1977లో చెప్పింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి 1993 దాకా పట్టింది. ప్రయోగాల్లో ఆడ జంతువులను కూడా చూడాలన్న నియమం అక్కడి ఆరోగ్య సంస్థ నిధులకు 2016లో గానీ రాలేదు. తర్వాత ఏమైంది? టెక్సాస్‌లో ఒక బృందం సిజిఆర్‌పిని మెదడు పొర మీద వేసి చూస్తే నొప్పి లక్షణాలు ఆడ జంతువుల్లోనే కనిపించాయి, మగవాటిలో లేవు. ఇది 2019 నాటి మాట. మగ ఎలుకనే చూస్తూ కూర్చుని ఉంటే ఎప్పటికి తెలిసేది?

పోలికకి మగవాళ్ళ తలనొప్పి ఒకటుంది. క్లస్టర్ తలనొప్పి. ఒక కన్ను వెనక కత్తితో పొడిచినట్టు వస్తుంది, మగవాళ్ళలో ఎక్కువ. భయంకరమైన నొప్పి, దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ దాన్ని చూసి 'మగ హార్మోన్ల గొడవ, అల్లుడు కాస్త సున్నితం' అని ఎవరూ అనలేదు. పైగా అది మగజబ్బని ముద్రపడడం వల్ల ఆ నొప్పి వచ్చిన స్త్రీలకి సరైన పేరు చెప్పడానికే డాక్టర్లకు ఏళ్ళు పట్టింది.

ముఖం సంగతి ఇంకా అన్యాయం. మా పెద్దమ్మకి యాభై నాలుగో ఏట కుడి చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి మొదలైంది. మొహం కడుక్కున్నా, అన్నం ముద్ద నమిలినా, ఫ్యాను గాలి తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒక దవడపన్ను పీకాడు. తగ్గలేదు. ఇంకోటి పీకాడు. మూడోది కూడా పోయాక, 'ఇంక మీ మనసులోనే ఉందండీ నొప్పి' అన్నాడు. మూడు పళ్ళూ మనసులో ఉన్నాయనుకున్నాడేమో! నరాల డాక్టరు ట్రైజెమినల్ న్యూరాల్జియా అని చెప్పి కార్బమాజెపిన్ రాశాక వారంలో ఆమె అన్నం తినగలిగింది. ఈ జబ్బు యాభై దాటిన స్త్రీలలో ఎక్కువ, పళ్ళు పోగొట్టుకున్నాక గానీ సంగతి తెలియనివాళ్ళు దేశమంతటా ఉన్నారు. దవడకీలు నొప్పి కూడా ఆడవాళ్ళకే ఎక్కువ. సియాటిల్‌లో లిండా లెరెష్ బృందం స్త్రీల చేత రోజూ నొప్పి డైరీ రాయించి 2003లో ఫలితం ప్రకటించింది. ముట్టు ముందూ, ముట్టు రోజుల్లోనూ నొప్పి ఎక్కువ, మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో మరోసారి. మన డెంటల్ క్లినిక్కుల్లో 'మీ నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా' అని అడిగేవారిని నేనింకా చూడలేదు.

అడగకపోవడం ప్రాణాల మీదికి తెచ్చే చోటు ఇంకొకటుంది. కొందరికి మైగ్రేన్ మొదలయ్యే ముందు కళ్ళముందు వంకరటింకర మెరుపు గీతలు, చూపులో ఖాళీలు వస్తాయి. దాన్ని ఆరా అంటారు. ఆరా ఉన్న స్త్రీలకి పక్షవాతం ముప్పు కొంత ఎక్కువ. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఆ ముప్పును ఇంకా పెంచుతాయి. అందుకే ఆరా ఉన్నవాళ్ళు ఏ వయసులోనైనా ఈ మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నిబంధనల్లో ఖరాఖండీగా చెప్పింది. మాలా-డి, మాలా-ఎన్ రెండూ ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలే. ఒకటి మందుల షాపులో అడిగితే ఇస్తారు, ఇంకోటి ఆరోగ్య కార్యకర్త ఉచితంగా తెచ్చిస్తుంది. 'అమ్మా, తలనొప్పి ముందు కళ్ళల్లో మెరుపులు వస్తాయా?' అనే ఒక్క ప్రశ్న వెయ్యడానికి ఎంత ఖర్చవుతుంది? లక్నో ప్రయోగశాలలో తయారైన సహేలీ, అంటే ఇప్పుడు ప్రభుత్వం ఛాయా పేరుతో ఇస్తున్న మాత్ర, ఈస్ట్రోజన్ లేనిది. ఆ సంగతైనా చెప్పాలి కదా. మైగ్రేన్ రాకుండా రాసే వాల్ప్రోయేట్ గర్భంలో బిడ్డకి చేటు చేస్తుంది. కట్టుదిట్టమైన గర్భనిరోధక ఏర్పాటు లేకుండా అది ఆడవాళ్ళకి ఇవ్వకూడదని బ్రిటన్ 2018లో నిషేధం పెట్టింది. ఇక్కడ పెళ్ళికాని పిల్లలకి, పెళ్ళి కుదిరిన పిల్లలకి ఒక్క మాట చెప్పకుండా రాసేస్తున్న చీటీలు నా విద్యార్థినుల చేతుల్లోనే చూశాను.

చెప్పకుండా ఇవ్వడం మనకి కొత్త కాదు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజక్షన్ వెయ్యడానికి పల్లె ఆడవాళ్ళను పోగు చేసినప్పుడు అది ప్రయోగమన్న సంగతి వాళ్ళకి తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు వెళ్ళి అడిగాక చాలామంది ఇంజక్షన్ వద్దని వెళ్ళిపోయారు. 1986లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. ఆ వారసత్వం ఉన్న మనం హార్మోన్ల గురించి మాట్లాడడానికి మొహమాటపడుతున్నాం!

అన్నిటికంటే పెద్ద అబద్ధం గర్భసంచి గురించి. 1872లో జార్జియాలో రాబర్ట్ బాటీ అనే సర్జన్ ముట్టుతో ముడిపడ్డ బాధలకి ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను కోసి తీసెయ్యడం మొదలుపెట్టాడు. అది ఫ్యాషనయ్యి, ఎంతోమంది ఆడవాళ్ళను కోసి, చివరికి వైద్యులే సిగ్గుపడి మానేశారు. మన దగ్గర మాత్రం ఇంకా మానలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగువాళ్ళవే! అనవసరంగా చేసిన ఇలాంటి ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి, మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించాల్సొచ్చింది.

నడుంనొప్పికి తీస్తారు, తెల్లబట్టకి తీస్తారు, తలనొప్పి కూడా పోతుందని కలిపి చెప్తారు. గర్భసంచి ఈస్ట్రోజన్ తయారుచెయ్యదు. అండాశయాలు చేస్తాయి. గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే ఈస్ట్రోజన్ ఎక్కడం దిగడం అలాగే ఉంటుంది, తలనొప్పీ ఉంటుంది, ఎప్పుడొస్తుందో గుర్తుపట్టడానికి ముట్టు మాత్రం ఉండదు. అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ళ తరబడి మెల్లగా జరగాల్సిన దిగుడు ఒక్క పూటలో జరుగుతుంది. ముట్లు సహజంగా ఆగితే చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. ఇలా కత్తితో ఆపితే చాలామందికి పెరుగుతుంది.

సంగారెడ్డి దగ్గర ఒక పల్లెలో పత్తి చేలల్లో కూలికి పోయే ఆమె నాతో అంది: 'గర్భసంచి తీపిచ్చిన అక్కా. తలకాయ నొప్పి పోతదన్నరు. ఇప్పుడు రోజు ఇడిసి రోజు లేస్తుంది. అప్పు సుత గట్లనే ఉంది.' ఆపరేషనప్పుడు అండాశయాలు కూడా తీశారా అని అడిగాను. 'నాకేం ఎర్క? మొత్తం సాఫ్ చేసినమన్నరు' అంది. ట్రంకు పెట్టెలోంచి, రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో మడిచి పెట్టుకున్న ఆసుపత్రి కాగితం తీసి ఇచ్చింది. అంతా ఇంగ్లీషు. కింద ఆపరేషన్ పేరున్న చోట టి.ఎ.హెచ్. తర్వాత బి.ఎస్.ఓ. అని మూడక్షరాలున్నాయి. రెండు అండాశయాలూ తీసేశారని వాటి అర్థం. వయసు 29 అని రాసి ఉంది. కాగితం మీద తారీకు పదకొండేళ్ళ కిందటిది. నేను చదివి చెప్పేదాకా ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.